కొత్త టీచరుకు ఇల్లెవరిస్తారు?

డీఎస్సీ రాసి, ర్యాంకు తెచ్చుకుని, ఆర్డరు చేతబట్టుకుని మన పిల్లలు బడుల్లో చేరుతున్నారు. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ పెట్టారు. నూటికి 15 చొప్పున ఎస్సీల వాటా లెక్కేస్తే రెండు చోట్లా కలిపి నాలుగు వేల పోస్టులు దాటుతాయి. ఇవి ఎవరూ దయతలచి ఇచ్చినవి కావు. కోచింగు ఫీజు కోసం గేదెను అమ్ముకున్న తల్లులున్నారు. మిరప కోతలకు పోయి తమ్ముడికి పుస్తకాలు కొనిచ్చిన అక్కలున్నారు. పగలు ప్రైవేటు బడిలో చాకిరీ చేసి రాత్రిళ్లు చదువుకున్నవాళ్లున్నారు. ఫలితాలొచ్చిన రోజు వాడలో స్వీట్లు పంచారు. బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేశారు. సంతోషమే.

ఆర్డరు కాయితంలో బడి పేరుంది. మండలం పేరుంది. ఎన్ని రోజుల్లో చేరాలో ఉంది. ఆ రాత్రికి తల ఎక్కడ వాల్చాలో మాత్రం లేదు. ఆ సంగతి సర్కారు ఊరికి వదిలేసింది. ఊరు కులానికి వదిలేసింది.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్తగా వచ్చిన దళిత టీచరుకు ఊళ్లో ఇల్లు దొరక్కపోవడం ఆ టీచరు సొంత ఇబ్బంది కాదు. అది బడి సంగతి. వాడ పిల్లల చదువు సంగతి. కాబట్టి ఉద్యమం సంగతి. ఇన్నాళ్లూ దాన్ని ఆ మనిషి మీదనే వదిలేసి మనం 'అభినందనలు' ఫ్లెక్సీ కట్టి ఇంటికి పోతున్నాం. ఇక అట్లా కుదరదు.

గేటు దగ్గర పరీక్ష

డీఎస్సీ ఒకసారి రాస్తే అయిపోతుంది. ఇల్లుగలవాళ్లు పెట్టే పరీక్ష వీధి వీధికీ రాయాలి.

మన మండల కేంద్రాలన్నీ దాదాపు ఒక్క తీరే. బస్టాండు, పోలీసు స్టేషను, ఒకటో రెండో బ్యాంకులు, ఎరువుల కొట్లు, గుడి వీధి, చిట్టచివర కాలనీ. ఏదో గేటుకు 'టులెట్' బోర్డు వేలాడుతుంటుంది. కొత్త మాస్టారు లోపలికి పోతే మర్యాదగానే కూర్చోబెడతారు. గవర్నమెంటు టీచరంటే నెల తిరిగేసరికి అద్దె వచ్చి పడుతుంది కదా! మంచినీళ్లిచ్చే లోపల ప్రశ్నలు మొదలవుతాయి.

'పేరేంటన్నారు మాస్టారూ?' పేరుతో తేలదు. 'ఇంటిపేరో?' దాంతోనూ తేలకపోవచ్చు. 'ఏ ఊరండీ మీది? అట్లాగా, ఆ ఊళ్లో మా చుట్టాలున్నారే! ఊళ్లో ఎక్కడ మీ ఇల్లు?' ఇక్కడ సగం తేలిపోతుంది. 'నాన్నగారేం చేస్తుంటారు? గుడికెళ్తారా, చర్చికెళ్తారా?' దీంతో మిగతా సగం తేలుతుంది. ఇంకా అనుమానముంటే ఆఖరి మాట ఒకటుంది: 'మాది నీచు ముట్టని ఇల్లండీ.' ఆదివారం పూట ఆ ఇంటి వెనక కోడి ఈకలు ఎగురుతుంటాయి, అది వేరే సంగతి.

'సాయంత్రం చెప్తాం మాస్టారూ' అంటారు. సాయంత్రం ఫోనొస్తుంది. 'ఏమనుకోకండి, మా అబ్బాయి వచ్చేస్తున్నాడు, పోర్షన్ వాడికే కావాలంట.' వారం తర్వాత చూస్తే బోర్డు గేటుకు అట్లాగే ఉంటుంది. అబ్బాయి రాడు. బోర్డు దిగదు.

ముప్పై ఏళ్ల కింద అయితే మొహం మీదనే చెప్పేవాళ్లు. ఇప్పుడు చట్టం తెలుసు, అట్రాసిటీ కేసు తెలుసు. అందుకని నోరు మార్చుకున్నారు. బుద్ధి మార్చుకోలేదు.

టీచరమ్మ అయితే ఇంకో మెట్టు ఎక్కువ. పెళ్లి కాకపోతే 'ఒంటరి ఆడపిల్లకు ఇవ్వం'. పెళ్లయి భర్త వేరే ఊళ్లో పనిచేస్తుంటే 'మీ వారు ఎప్పుడెప్పుడు వస్తారు? ఇంకెవరైనా వస్తుంటారా?' కులం అడ్డం ఒకటి, ఆడదన్న అడ్డం ఒకటి. రెండూ దాటితేనే గది తాళం చేతికొస్తుంది. అందుకే మన ఆడపిల్లల్లో చాలామంది మొదటి జీతం అందుకునే లోపలే దగ్గర్లో ఉన్న పెద్ద టౌనుకు పోయి హాస్టల్లో మంచం వెతుక్కుంటున్నారు.

పేరు దాచుకుంటే ఏమవుతుంది?

కొందరు ఇట్లాంటి తిప్పలు పడలేక సగం నిజం చెప్పి ఇంట్లో దిగుతారు. తండ్రి 'వ్యవసాయం' అంటారు. బాబాసాహెబ్ ఫోటో ట్రంకు పెట్టెలోనే ఉంటుంది. వాడ నుంచి అమ్మ చూడ్డానికి వస్తానంటే 'ఇప్పుడు కాదులే, సెలవుల్లో నేనే వస్తా' అంటారు. కన్నతల్లిని ఇంటికి పిలవలేని బతుకు! వాళ్లను తప్పుబట్టడానికి మేం ఇది రాయడం లేదు. వాళ్లను అట్లా నిలబెట్టినవాళ్లను తప్పుబడుతున్నాం.

ఈ దారిన నడిచి చూసినాయన అంబేద్కరే. 1917లో అమెరికాలో, లండన్‌లో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చాడు. అంత చదువు చదివినా ఆ ఊళ్లో ఒక్క హిందువు గది ఇవ్వలేదు. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని ఓ డజను మంది మీదికొచ్చారు. సాయంత్రానికి ఖాళీ చెయ్యమన్నారు. తెలిసినవాళ్లను అడిగితే వాళ్లూ ఏదో సాకు చెప్పారు. ఒక తోటలో కూర్చుని ఏడ్చి, రాత్రి బండెక్కి బొంబాయి పోయాడు. ఉద్యోగం పోయింది. ఎందుకు పోయింది? పని రాక కాదు, చదువు తక్కువై కాదు. ఇల్లు లేక.

ఈ కథను జయంతి రోజున చెప్పుకుని కళ్లు తుడుచుకుంటాం. అందులో ఉన్న పాఠం మాత్రం పట్టించుకోం. ఉద్యోగం ఇచ్చి ఇల్లు ఇవ్వకపోతే ఆ ఉద్యోగం ఇచ్చినట్టు కాదు. పేరు దాచుకుని సంపాదించిన గది పదకొండు రోజులే ఉండొచ్చు, పదకొండేళ్లు ఉండొచ్చు. ఆ గదిలో ఉన్నన్నాళ్లూ గుండె మీద చెయ్యేసుకుని పడుకోవాల్సిందే.

అది పాత కాలం అంటారా? 2016లో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఏం జరిగింది? అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. వాళ్లు క్యాంపస్‌లోనే గుడారం వేసి దానికి 'వెలివాడ' అని పేరు పెట్టి చలిలో పడుకున్నారు. వాళ్లలో ఒకడు రోహిత్ వేముల. ఆ జనవరి 17న మనకు దక్కకుండా పోయాడు. చదువుకున్న దళితుణ్ణి దెబ్బ తియ్యాలంటే చదువు జోలికి పోనక్కర్లేదు. పడుకునే చోటు లాక్కుంటే చాలు. ఈ సంగతి వాళ్లకు తెలుసు. మనకే ఇంకా తెలియడం లేదు.

స్టాఫ్ రూమ్‌లో కుర్చీ

సరే, ఎట్లాగో తల దాచుకున్నారు. తెల్లారి బడికి పోయారు. అక్కడ మాత్రం తిన్నగా ఉంటుందా?

'ఏ కోటాలో వచ్చావు బాబూ?' మొదటి రోజు పలకరింపు ఇది. ఓపెన్ కాంపిటీషన్‌లో ర్యాంకు కొట్టినవాణ్ణి కూడా ఇదే అడుగుతారు. చెప్పినా నమ్మరు. ఆ తర్వాత పనుల పంపకం జరుగుతుంది. ఎస్సీ పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు ఎవరికి? కొత్త టీచరుకు. మరుగుదొడ్ల శుభ్రం చూసుకునే పని ఎవరికి? కొత్త టీచరుకు. అంబేద్కర్ జయంతి ఉపన్యాసం? అదీ కొత్త టీచరుకే. సరస్వతీ పూజ నాడు కొబ్బరికాయ కొట్టే పని మాత్రం ఆయనకు రాదు! స్కాలర్‌షిప్ పని తక్కువదని మేం అనడం లేదు. ఆ పని మనవాళ్లు చేస్తేనే సక్రమంగా జరుగుతుంది. కానీ ఎస్సీ పిల్లలు బడి మొత్తానికి పిల్లలు కారా? వాళ్ల బాధ్యత ఒక్క ఎస్సీ టీచరుదేనా?

మంచినీళ్ల సంగతి చూడండి. 1918 నవంబరులో అంబేద్కర్ బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరాడు. విద్యార్థులు ఆయన పాఠం కోసం చెవులు కోసుకునేవాళ్లు. తోటి ప్రొఫెసర్లేమో తాము తాగే కుండలో నీళ్లు ఆయన తాగకూడదన్నారు. కారంచేడులో 1985 జూలైలో గొడవ రాజుకున్నది ఎక్కడ? మంచినీళ్ల చెరువు దగ్గర. ఈ రోజుల్లో స్టాఫ్ రూముల్లో కుండ లేదు, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకుంటున్నారు. సీసాలొచ్చి అంటరానితనం పోయిందని సంబరపడనక్కర్లేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు ఎవరి కూర ఎవరి పళ్లెంలోకి పోతుందో, ఎవరి డబ్బా దగ్గర ఆ గరిటె ఆగిపోతుందో చూడండి. తెలిసిపోతుంది.

పిల్లల సంగతి వేరు. వాడ పిల్లలు కొత్త టీచరును ఒక్క రోజులో కనిపెడతారు. ఎవరూ చెప్పక్కర్లేదు. 'మనోళ్లంట్రా' అని ఒకడి చెవిలో ఒకడు చెప్పుకుంటారు. వెనక బెంచీ వాడు మర్నాడు రెండు బెంచీలు ముందుకొస్తాడు. ఎవర్నీ ఏమీ అడగని పిల్ల చెయ్యెత్తి అడుగుతుంది. ఒక మనిషి ఆ నల్లబల్ల ముందు నిలబడ్డమే వాళ్లకు సగం పాఠం. మనం ఇన్నేళ్లు రిజర్వేషన్ల కోసం కొట్లాడింది జీతం కోసం మాత్రమే కాదు, ఇందుకోసం కూడా.

మధ్యాహ్న భోజనం దగ్గర రెండో పాఠం. బడుల్లో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. వంటవాళ్లను పెట్టేటప్పుడు దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో చెప్పింది. మన ఊళ్లల్లో ఎన్ని బడుల్లో మాలమ్మ, మాదిగమ్మ గరిటె పట్టుకుంది? ఎక్కడ పట్టుకుంది, ఎక్కడ పట్టుకోనియ్యలేదు? కొత్త టీచరు ఈ లెక్క తీయొచ్చు. పిల్లల వరసలో కూర్చుని ఆ అన్నమే తినొచ్చు. ఉపన్యాసం అక్కర్లేదు. పళ్లెం పట్టుకుని కూర్చోవడం చాలు.

సాయంత్రం బస్సు

ఇంతవరకూ వచ్చాక అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో చూద్దాం.

మండల కేంద్రంలో ఇల్లు దొరకని టీచరు నలభై యాభై కిలోమీటర్ల దూరంలో జిల్లా కేంద్రంలో ఉంటాడు. అక్కడ ఎవరు ఎవరో అంతగా పట్టించుకోరు. అయిదున్నరకు లేచి, చద్దో ఇడ్లీయో మింగి, బస్సో షేర్ ఆటోనో పట్టుకుని వస్తాడు. ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపిస్తేనే హాజరు పడుతుంది. టైము దాటితే సంజాయిషీ. సాయంత్రం గంట కొట్టగానే మళ్లీ బస్సు. దీన్నే అందరూ 'అప్ అండ్ డౌన్' అంటున్నారు.

అప్పుడు ఊరేమంటుంది? 'ఈ కోటా మాస్టార్లు ఊళ్లో ఉండరండీ, వాళ్లకు పిల్లల మీద ప్రేమ ఎక్కడిది?' అంటుంది. ఇల్లు ఇవ్వనిదీ ఊరే. ఊళ్లో ఉండవేమని అడిగేదీ ఊరే!

నష్టం ఎవరికి? పెద్ద వీధుల పిల్లలకు కాదు. వాళ్లు ప్రైవేటు బడి బస్సెక్కి పోయారు. సర్కారు బడిలో మిగిలింది ఎక్కువగా మన పిల్లలే, బీసీల పిల్లలే, తురక పిల్లలే. ఈ పిల్లలకు మాస్టారు అవసరం ఎక్కువగా ఉండేది సాయంత్రం నాలుగు దాటాకనే. ఇంట్లో లెక్క చెప్పేవాళ్లుండరు. అయ్య తాపీ పనికి, అమ్మ పత్తి చేనుకు పోయి పొద్దుగూకి వస్తారు. గురుకులం సీటుకు ఫారం నింపాలి, నవోదయ పరీక్షకు తయారుకావాలి, కుల ధ్రువపత్రంలో అక్షరం తప్పొస్తే దిద్దించాలి. బడి మానేసి మిరప కోతకు పోతున్న పిల్ల ఇంటికి రాత్రి పూట పోయి తల్లితో మాట్లాడాలి. ఈ పనులు హాజరు పట్టీలో ఉండవు. బస్సు ఎక్కిపోయే మనిషి చెయ్యలేడు. ఊళ్లో ఉన్న మనిషే చెయ్యగలడు.

పెత్తందారు ఈ సంగతి మనకంటే ముందే కనిపెట్టాడు. దళిత టీచరు బడిలో ఎనిమిది గంటలు ఉంటే ఆయనకు పెద్దగా బాధ లేదు. రాత్రి ఏడింటికి వాడలో లైటు కింద నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఆ పక్కన వాళ్ల తల్లిదండ్రులతో కూలి రేటు గురించి మాట్లాడితేనే ఆయనకు బాధ. ఇల్లు ఇవ్వకపోతే ఆ రెండో పని ఆగిపోతుంది. ఒక్క తాళం చెవితో ఎంత పని!

ఇల్లు ముందు, బడి తర్వాత

మన బడుల చరిత్ర తిరగేసి చూడండి. బడి నిలబడ్డ ప్రతి చోటా ముందు పంతులుకు ఇల్లు దొరికింది.

1848లో పూణేలో జోతిబా, సావిత్రిబాయి ఆడపిల్లలకు బడి పెట్టారు. సావిత్రమ్మ బడికి పోతుంటే పేడ, రాళ్లు విసిరారు. మరుసటి ఏడు జోతిబా తండ్రి మీద ఒత్తిడి తెచ్చి ఇద్దర్నీ ఇంట్లోంచి వెళ్లగొట్టించారు. చూశారా, అక్కడా బడిని ఆపడానికి ఇంటినే పట్టుకున్నారు. అప్పుడు ఉస్మాన్ షేక్ అనే ముస్లిం మిత్రుడు తన ఇంట్లో చోటిచ్చాడని చెప్పుకుంటారు. ఆ ఇల్లే లేకపోతే ఆ బడులేమయ్యేవో!

మన దగ్గర ఒంగోలు ప్రాంతంలో 1866 నుంచి క్లౌ దొర మిషను పని చేసింది. మిషను మీద మనకు ఎన్ని విమర్శలైనా ఉండొచ్చు. ఒక్క పని మాత్రం సరిగ్గా చేసింది. మాదిగపల్లెలో బడి పెడితే పంతుల్ని ఆ పల్లెలోనే ఉంచింది. ఆ పంతులు చాలాచోట్ల మాదిగబిడ్డే. పగలు పిల్లలకు అక్షరం, రాత్రి పశువులు కాసి వచ్చిన పెద్దోళ్లకు అక్షరం. ఈ రోజున కోస్తాలో మూడు నాలుగు తరాలుగా చదువుకున్న దళిత కుటుంబాల్ని కదిపి చూడండి, చాలా ఇళ్లల్లో ముత్తాత మిషను బడి పంతులో, ఆ పంతులు దగ్గర చదువుకున్నవాడో అయ్యుంటాడు. నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదు బస్తీల్లో మనవాళ్ల మధ్యనే బడులు పెట్టాడు. జాషువా కవి గుంటూరులో ఏళ్ల తరబడి పంతులుద్యోగం చేశాడు.

ఆ పంతుళ్లకు బీఈడీలు లేవు, పీఆర్సీలు లేవు. పల్లెలో ఒక గుడిసె ఉంది. గుడిసె ముందు లాంతరు ఉంది. ఇప్పటి టీచరుకు డిగ్రీలున్నాయి, జీతముంది, ఇంటి అద్దె భత్యం కూడా ఉంది. ఉండటానికి ఊరు లేదు.

'మళ్లీ వాడకే పొమ్మంటారా?'

చదువుకున్న మన తమ్ముళ్లు ఒక మాట అడుగుతారు. 'అన్నా, వాడ నుంచి బయటపడాలనే కదా ఇంత చదివింది. మళ్లీ వాడలోనే ఉండమంటే పెత్తందారు కోరిందీ అదే కదా?'

న్యాయమైన ప్రశ్నే. సమాధానం సూటిగా చెప్తాం. ఏ వీధిలో ఉండాలో తేల్చుకునే హక్కు టీచరుది. గుడి వీధిలో ఉండాలనుకుంటే గుడి వీధిలోనే ఇల్లు దొరకాలి. దాని కోసం కొట్లాడాలి. అయితే కొట్లాట తేలే దాకా మనిషి బస్టాండులో పడుకోలేడు కదా. మొదటి రోజు నుంచి ఒక కప్పు కావాలి. ఆ కప్పు వాడ ఇవ్వాలి. వాడలో ఉండటం శిక్షగా ఉండకూడదు, ఆసరాగా ఉండాలి. ఇష్టపడి ఉండేవాళ్లుంటే మరీ మంచిది. ఆ రాత్రి బడికి లాంతరు మళ్లీ వెలుగుతుంది.

రెండో పక్క నుంచి ఇంకో మాట వస్తుంది. 'ఇల్లు మాది, మా ఇష్టం వచ్చినోళ్లకు ఇచ్చుకుంటాం.' ఇష్టం ఎవరికైనా ఉంటుంది. అంటరానితనం ఇష్టం కింద రాదు. రాజ్యాంగం 17వ అధికరణం దాన్ని రద్దు చేసింది. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ చదవండి. ఏ ప్రాంతంలోనైనా సరే, నివాసపు ఇల్లు కట్టుకోవడానికి, సంపాదించుకోవడానికి, అందులో కాపురముండటానికి అంటరానితనం కారణంగా అడ్డుపడితే నేరమని అందులో ఉంది. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి అయిదొందల జరిమానా. అయిదొందలంటే ఈ రోజు మన కూలోడి ఒక్క రోజు కూలి! ఆ జరిమానాను చూసి నవ్వుకోండి, జైలు మాట మాత్రం మర్చిపోకండి. ఆ చట్టంలోనే 12వ సెక్షన్ ఉంది. అట్లాంటి నేరం ఎస్సీ మనిషి మీద జరిగితే, కాదని రుజువయ్యే దాకా అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు అనుకోవాలి. 'వెజిటేరియన్' సాకు చెప్పేవాళ్లకు ఈ సెక్షన్ చదివి వినిపించాలి. నలుగురిలో కులం పేరుతో తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉండనే ఉంది. దానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చింది. సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ కూడా ఇప్పుడు నేరాలే.

కేసు పెట్టడం తేలిక, నిలబెట్టడం కష్టం. నోటితో 'ఇవ్వం' అన్నదానికి కాయితం ఉండదు. అందుకే ఒంటరిగా పోకూడదు.

ఏం చెయ్యాలి?

సంఘం కార్యకర్తలు ముందు ఒక పని చెయ్యండి. మీ మండలంలో కొత్తగా చేరిన దళిత, గిరిజన టీచర్ల పేర్లు తీయండి. ఎవరు ఎక్కడ ఉంటున్నారో, ఎవరు రోజూ బస్సులో తిరుగుతున్నారో కనుక్కోండి. వాళ్లు చెప్పుకోరు. చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. సిగ్గుపడాల్సింది వాళ్లు కాదని మీరు పోయి చెప్పాలి.

ఇల్లు చూడ్డానికి పోయేటప్పుడు ఇద్దరు తోడు పొండి. ఒకరు వేరే కులం మిత్రుడైతే మంచిది. టీచరును కాదన్న ఇంటికే మర్నాడు ఆ మిత్రుడు పోయి అడగాలి. ఆయనకు ఇస్తామంటే అసలు రంగు తెలిసిపోయినట్టే. తేదీ, సమయం, అన్న మాటలు అప్పటికప్పుడు రాసి పెట్టుకోండి. తహశీల్దారుకు అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. నెలనెలా 30న అధికారులు ఊళ్లల్లో పౌరహక్కుల దినం జరపాలి. చాలాచోట్ల అది ఫోటో దినమైపోయింది. ఈసారి ఆ సభలో 'టులెట్' బోర్డు సంగతి ఎత్తండి. గ్రామంలో రెండు గ్లాసుల గురించి అడిగే అధికారి, తన ఆఫీసు వెనక వీధిలో రెండు రకాల అద్దె రూల్స్ గురించి కూడా అడగాలి.

వాడ పెద్దలు, అమ్మలు, అక్కలు! మీకూ ఒక పని ఉంది. మీ బడికి కొత్త టీచరు వస్తున్నాడని తెలిస్తే మీరే ఎదురుపోండి. పక్కా ఇల్లు కట్టుకుని ఒక గది ఖాళీగా ఉన్నవాళ్లు అద్దెకివ్వండి. ఊరికే ఇవ్వక్కర్లేదు, ఆయనకు అద్దె భత్యం వస్తుంది. ఆ డబ్బు పెద్ద వీధికి పోయే బదులు మన వీధికి వస్తుంది. చర్చి పక్కన గదో, కమ్యూనిటీ హాలు పక్కన గదో ఉంటే సున్నం కొట్టించి, కరెంటు, మరుగుదొడ్డి సరిచేసి పెట్టండి. టీచరమ్మ అయితే మొదటి పది రోజులు ఎవరో ఒక అక్క తోడు పడుకోండి.

మాల టీచరు వస్తే మాదిగ గూడెం, మాదిగ టీచరు వస్తే మాలపల్లె 'మనకేం పనిలే' అనుకోవద్దు. 1994లో దండోరా మొదలైన నాటి నుంచి వర్గీకరణ మీద మన మధ్య వాదన నడిచింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, రెండు రాష్ట్రాలూ అమలు చేశాయి. వాటా న్యాయం మీద ఎవరి వాదన వాళ్లు చెయ్యొచ్చు. ఇల్లు ఇవ్వనోడు మాత్రం నీది ఏ గ్రూపని అడగడు.

టీచర్ల యూనియన్లను కూడా అడుగుతున్నాం. డీఏ ఒక నెల ఆలస్యమైతే ధర్నా చేస్తారు. మంచిదే. మీ సభ్యుడికి కులం పేరుతో ఇల్లు ఇవ్వకపోతే ఒక్క తీర్మానం కూడా చెయ్యరేం? మీ సభ్యుల్లోనే సొంత ఇళ్లు కట్టుకుని అద్దెకిచ్చేవాళ్లు ఎంతమంది లేరు! ముందు వాళ్ల గేట్లు తెరిపించండి. మండల కేంద్రాల్లో టీచర్లకు క్వార్టర్లు కట్టాలని సర్కారును అడగండి. మేమూ వస్తాం.

ఇక కొత్త టీచర్లకు ఒక మాట. తమ్ముడూ, చెల్లే! 1956 మార్చిలో ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్నవాళ్లు తనను మోసం చేశారని బాధపడ్డాడు. ఆ మాటను మీ మీదికి విసరడం తేలిక. మేం విసరం. ఇల్లు చూపించకుండా త్యాగం చెయ్యమనే హక్కు ఎవరికీ లేదు. ఇల్లు చూపిస్తాం. చూపించిన తర్వాత మాత్రం అడుగుతాం. వారంలో నాలుగు సాయంత్రాలు మా పిల్లలకివ్వు. బాబాసాహెబ్ ఫోటో ట్రంకులోంచి తీసి గోడకు కట్టు. మీ అమ్మను పిలిపించుకో. ఆమె నీ ఇంట్లో నాలుగు రోజులుండి, నీ వెంట నీ బడి దాకా నడిచి వస్తే, ఆ వీధి తలుపుల సందుల్లోంచి చూస్తుంది. చూడనీ.

జై భీమ్!